పెరుమాళ్ కట్టి, మొగం కట్టి

పోయిన నెల మదురైలో మా ఇంటికి ఒక పార్సెల్ వచ్చింది. విప్పితే అరచేతిలో ఇమిడే రేకు డబ్బా. మూత మీద మా అవ్వ పేరు, వెంగమ్మ అని, తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అచ్చు వేసి ఉంది. పంపింది మా అక్క అలివేలు మనవరాలు వర్షిణి. కినత్తుకడవులో వాళ్ల కొబ్బరితోట ఇంట్లో ఆ పిల్ల తెల్లమట్టితో ముఖానికి పూత తయారుచేసి, డబ్బాల్లో నింపి, కోయంబత్తూరు గాంధీపురంలో ఒక బట్టల షోరూం మెట్ల పక్కన బల్ల వేసుకుని అమ్ముతోందని అంతకుముందే విన్నాను. మంచిదే అనుకున్నాను. డబ్బా వెనక్కి తిప్పి చదివేదాకా మంచిదే అనుకున్నాను. "మా పెద్దవ్వ వెంగమ్మ తన ఇద్దరు మనవరాళ్లనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని తన చేత్తో పూసిన మట్టి ఇది" అని ఆ పిల్ల మాటల్లో రాసి ఉంది. ఆ ఇద్దరిలో ఒకరు మా అక్క. రెండోది నేను. నాకు అవ్వ ఆ మట్టి పూయలేదు. ఒక్కనాడు, ఒక్క చెంపకైనా పూయలేదు. అరవై దాటిన మనిషిని, ఇద్దరు కోడళ్లకు అత్తను, బీపీ మాత్ర మింగబోతూ ఆ డబ్బా పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. అవ్వ గుర్తొచ్చి ఏడుస్తున్నానని కోడళ్లు అనుకున్నారు. అవ్వ మీద బెంగ కాదు, అక్క మీద కుళ్లు.

చిన్నప్పుడు మేము కోయంబత్తూరు పాత బజారు వెనక సందులో ఉండేవాళ్లం. తాతకు పత్తిగింజలు, తెలగపిండి అమ్మే కొట్టు ఉండేది. మావాళ్లు ఎన్ని తరాల కిందట అక్కడికి వచ్చారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడి చదువు తమిళంలోనే. తెలుగు రాయడం నేను పెళ్లయి మదురై వెళ్లాక పక్కింటి పంతులమ్మ దగ్గర పలక పట్టి నేర్చుకున్నాను. మాది నామాల ఇల్లు. తాత తెల్లవారకముందే స్నానం చేసి, పూజగది ముందు పీట వేసుకుని, ఎడమ అరచేతిలో రెండు చుక్కల నీళ్లు పోసుకుని నామక్కట్టిని అరగదీసేవాడు. నామక్కట్టి అంటే వేలెడు పొడవున్న తెల్లమట్టి కడ్డీ. మా వైపు నామం పెట్టుకునే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వెండి పుల్లతో ఆ తెలుపును నుదుట దిద్దుకుని, నడుమ ఎర్రటి శ్రీచూర్ణం గీసుకుని, చేతి అద్దంలో కుడికీ ఎడమకీ చూసుకున్నాక గాని తాత ఎవరితోనూ నోరు విప్పేవాడు కాదు. ఆ కాసేపు మేమూ ఆ వైపు తొంగిచూసేవాళ్లం కాదు.

ఏడాదికి సరిపడా కట్టి కొనడం అవ్వ పని. మాశి నెలలో కారమడై రంగనాథుడి రథోత్సవానికి, మా మాటలో తేరుకు, పోయినప్పుడు, గుడి వీధిలో ఒక ముసలావిడ గోనెపట్టా మీద పరిచి అమ్మేది. అవ్వ ఒక్కొక్కటీ తీసి గోటితో గీరి, నాలుకకు తాకించి, ఇసుక తగలకపోతేనే పక్కన పెట్టేది. ఇంటికొచ్చాక వాటిని రెండు భాగాలు చేసేది. సగం పూజపెట్టెలోకి పోయేవి. వాటిని పెరుమాళ్ కట్టి అనేవాళ్లం. మిగతా సగం అంచులకు పసుపు రాసి వంటింటి గూట్లో పెట్టేది. అవి మొగం కట్టి. పసుపు తగిలింది మళ్లీ పెరుమాళ్లకు పనికిరాదు. పెట్టెలోది మన సింగారానికి వాడకూడదు. మా ఇంట్లో ఎంగిలి పట్టింపు ఎంతో ఇదీ అంతే. రెండూ ఒకే గోనెపట్టా మీద పుట్టినవే కదా అని నేనొకసారి అడిగితే, ఒకే ఇంట్లో పుట్టినోళ్లంతా ఒకటేనా అని అవ్వ ఎదురడిగింది. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

మొగం కట్టికి మంగళవారం, శుక్రవారం పని పడేది. ముందురోజు సాయంత్రమే అవ్వ ఒక ముక్క విరిచి చిన్న మట్టిముంతలో నానేసేది. పొద్దున్నకి ఇసుక అడుగుకు దిగేది. పైన తేలిన తెల్లనీళ్లను ఇంకో గిన్నెలోకి వంచి, మళ్లీ తేరనిచ్చి, మళ్లీ వంచేది. చివరికి మిగిలిన మెత్తటి ముద్దను వెన్న అనేది. మధ్యాహ్నం గిన్నెలు తోమడం ముగిసి, మేము బడి నుంచి వచ్చాక, పెరటి పంచలో సానరాయి మీద కస్తూరిపసుపు కొమ్మును నాలుగు చుట్లు తిప్పి ఆ గంధాన్ని వెన్నలో కలిపేది. ఎండాకాలం వట్టివేరు నానిన నీళ్లు, చలికాలం నాలుగు చుక్కల ఆవుపాలు. కొలత లేదు, వేలితో కలిపి వేలితోనే తెలుసుకునేది. కొత్తకుండలో మొదటిసారి నీళ్లు పోసినట్టు వాసన వచ్చేది. ఆ వాసన పంచ దాటి నేను ఎక్కడుంటే అక్కడికి వచ్చి మరీ నన్ను ఉడికించేది. ఎందుకంటే ఆ వాసన వచ్చిందంటే మా అక్క అవ్వ ఒళ్లో తల పెట్టిందని అర్థం.

అక్కకు ఎనిమిదో ఏట ఆటలమ్మ పోసింది. పొక్కులు మానినా చెంపల మీద చిన్న చిన్న గుంటలు నిలిచాయి. ఆడపిల్ల ముఖం అని అమ్మ కంగారుపడితే, మట్టి వేడిని లాగేస్తుంది, నేను చూసుకుంటానని అవ్వ పూనుకుంది. అట్లా మొదలైంది. ఉంగరపు వేలితో గడ్డం కింద నుంచి పైకి, ముక్కు పక్క నుంచి చెవి దాకా, తొందర లేకుండా పూసేది. పూత ఆరడానికి అరగంట పట్టేది. ఆరేదాకా అక్క మాట్లాడకూడదు, నవ్వకూడదు. కాబట్టి అవ్వే మాట్లాడేది. మామూలుగా మా అవ్వ పొదుపు మనిషి, మాటల్లో మరీను. ఆ అరగంటలో మాత్రం తన పుట్టింటి సంగతులు, తాత కోపాలు, తను పోగొట్టుకున్న బిడ్డల పేర్లు, అన్నీ అక్క చెవిలో పోసేది. నేను దగ్గరికి పోతే మాట ఆగిపోయేది. నువ్వు పోయి ఆడుకో అనేది. నాకూ పూయమని అడగకపోలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గదా. అవ్వ నా గడ్డం పట్టుకుని చూసి, "నీ మొగానికేమే, నున్నగా ఉండాది. దానికి దా పాపం గుంటలు," అంది, దానికే అని నొక్కిచెప్పే మా ఇంటి "దా"తో. పొగడ్తే. అట్లాంటి పొగడ్త పగవాళ్లకు కూడా వద్దు.

ఆ తర్వాత నేను చేసిన పనులు చెప్పుకుంటే నవ్వుతారు. మా సందులో ఎవరింటి గుమ్మానికి వేపాకు మండ కట్టినా, ఆటలమ్మ పోసిందని తెలిసి, ఆ ఇంటి పిల్లలతో ఆడుకునేదాన్ని. నాకు రాలేదు. అక్క చెంపల మీద గుంటలు ఎన్ని మిగిలాయో వారం వారం చూసేదాన్ని, ఎప్పుడు పోతాయా అని. రెండేళ్లకు నిజంగానే పోయాయి. ఇంక అరగంట ఎత్తేస్తారని సంబరపడ్డాను. అవ్వ ఎత్తలేదు. వైద్యం పోయి అలవాటు మిగిలింది. అక్కకు పదమూడేళ్లొచ్చినా మంగళవారం వస్తే చాలు, పిలవకుండానే పోయి ఆ ఒళ్లో వాలేది. నేను నీళ్ల చెంబు అందించడానికి పనికొచ్చేదాన్ని. అక్క ముఖం కడుక్కోవడానికి నేను నీళ్లు తేవడం. అప్పటి నా మంట ఇప్పుడు రాస్తుంటే కూడా వేళ్లలోకి దిగుతోంది.

నాకు పదేళ్లప్పుడు, ఆ ఏటి తేరు ఇంకా పది రోజులుందనగా, ఒక మధ్యాహ్నం అమ్మా అవ్వా పక్క వీధిలో సీమంతానికి పోయారు. అక్క బడి నుంచి ఇంకా రాలేదు. గూట్లో మొగం కట్టి చూశాను. ఏడాది చివర కదా, గోరంత ముక్క మిగిలింది. అది తీస్తే అవ్వ కనిపెట్టేస్తుంది. పూజపెట్టె తీశాను. అందులో పెరుమాళ్ కట్టి నిండుగా, తెల్లగా ఉంది. దేవుడిది గనక అక్క దానికన్నా బాగా పనిచేస్తుందని కూడా నాకు తోచింది. నానబెట్టడం, తేర్చడం అంతసేపు ఎవరు చేస్తారు, అవ్వ సానరాయి మీదే నీళ్లు చల్లి కట్టిని బరబరా రుద్దాను. వచ్చిన ముద్దను ముఖమంతా పూసుకుని గోడకు తల ఆనించి కూర్చున్నాను. ఇసుక గుచ్చుకుంది. ఆరుతుంటే చర్మం లాగింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు. నాకు కావలసింది మట్టి కాదని ఆ గోడ దగ్గరే తెలిసిపోయింది. గబగబా కడిగేసుకుని, కట్టిని తుడిచి పెట్టెలో పెట్టేశాను. ఆ సానరాయికి ఎన్నేళ్ల నుంచో కస్తూరిపసుపు పట్టి ఉందని నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున తాత చీకట్లోనే నామం పెట్టుకుని కొట్టుకు పోయాడు. తడిగా ఉన్నప్పుడు తెలియలేదు. ఆరేకొద్దీ నామం పచ్చబడింది. తెలగపిండి కొనడానికి వచ్చిన ఒకాయన, ఏం నాయుడుగారూ, పెరుమాళ్లకు పచ్చకామెర్లు వచ్చాయా అని అడిగాడట. కొట్టంతా నవ్వారట. తాతకు నామం తేడా వచ్చినందుకన్నా నలుగురూ నవ్వినందుకు మండింది. పట్టపగలు కొట్టు మూసి ఇంటికి వచ్చేశాడు. పెట్టె తెరిచి, ఒక వైపు పసుపెక్కిన కట్టిని బయటికి తీసి, అక్కనూ నన్నూ పిలిచి నిలబెట్టాడు. ఎవరు అని ఒక్క మాటే అడిగాడు. అక్క నా వైపు తిరిగి ఒక క్షణం చూసింది. నేను నేలచూపు చూశాను. అప్పుడు అక్క అంది: "నేనే తాతా. తెలీక ఎత్తుకుంటిని." తాత కొట్టే మనిషి కాదు. ఈ ఏడు తేరుకు అలివేలు రాకూడదు అన్నాడు. కొట్టి ఉంటే నయం.

మాకు ఏడాది మొత్తానికి తేరు ఒక్కటే ఊరు దాటి పోయే రోజు. పొరుగూరు బంధువులు, గాజుల అంగళ్లు, రంగులరాట్నం, బొరుగుల పొరి ఉండలు, అన్నీ ఆ ఒక్కరోజే. అక్క ఆ రోజు పనమ్మాయితో పాటు ఇంట్లో ఉండిపోయింది. నేను కొత్త పావడ కట్టుకుని బస్సులో అవ్వ పక్కన కూర్చున్నాను, అక్క కూర్చునే చోట. ఇన్నాళ్లకు అవ్వ నా ఒక్కదానికే దొరికింది గదా అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుని ఎక్కాను. తేరు కదిలినప్పుడు అవ్వ దండం పెట్టుకుని, బిడ్డ చూడలేకపోయెనే అని కళ్లు తుడుచుకుంది. అక్క కోసం పచ్చగాజులు కొంది. ఇంటికి తిరిగొచ్చాక ఆ మంగళవారం అక్కను అరగంట కాదు, గంటసేపు ఒళ్లో పెట్టుకుంది. తప్పు నేను చేస్తే దాని తాలూకు ఓదార్పు కూడా అక్కకే పోయింది.

అన్నిటికన్నా నన్ను కాల్చింది అక్క మంచితనం. నేరం నాదని దానికి తెలుసో తెలియదో నాకు అంతుబట్టలేదు. తెలిసే నా మీద జాలిపడి నెత్తిన వేసుకుందని ఒకనాడు అనిపించేది. తాత కోపానికి భయపడి నోటికొచ్చింది ఒప్పుకుందని ఇంకోనాడు. అడిగే ధైర్యం లేదు. నాలుగేళ్లకు తాత పోయాడు, ఆ తర్వాత అవ్వ. మా ఇంట్లో ఎవరు ఓర్పు గురించి మాట్లాడినా అలివేలును చూసి నేర్చుకోండి అనేవాళ్లు. పెళ్లయి మదురై చేరాక కూడా ఆ మాట ఉత్తరాల్లో వచ్చేది. మంచివాళ్ల మీద అసూయపడటంలో ఉన్న కష్టం ఏమిటంటే, ఎవరితోనూ చెప్పుకోలేం. చెప్పుకుంటే తప్పు మనదే అవుతుంది.

డబ్బా వచ్చిన వారానికి పొళ్లాచ్చి బస్సెక్కి, అక్కడ మారి, కినత్తుకడవులో దిగాను. ఇద్దరు మనవరాళ్లు అన్న మాట తీసేయమని అడగాలని నిశ్చయించుకునే వెళ్లాను. అవ్వ నాకు ఇవ్వనిది అక్క చేతి మీదుగా, అచ్చు కొట్టించి, దానంగా నాకెందుకు. వర్షిణి నన్ను తన గదిలోకి లాక్కుపోయి అంతా చూపించింది. మట్టి పొడిగా ప్లాస్టిక్ సంచుల్లో కొరియర్‌లో వస్తుంది. దాన్ని కయోలిన్ అంటారట. ఇసుక ఉండదు కాబట్టి తేర్చే పని లేదు. చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద గ్రాముల్లో కొలిచి, చేతులకు తొడుగులు వేసుకుని, గాజుగిన్నెలో గరిటెతో కలుపుతుంది. చర్మానికి తగ్గట్టు మూడు రకాలు. పిల్ల శుభ్రమైన పనిమంతురాలు, వంక పెట్టడానికి లేదు. అయినా నేను వెతికాను. మా రోజుల్లో ఒక ముఖానికి రెండు రోజుల పని, ఒక మనిషి చెయ్యి కావాలి. ఇప్పుడు డబ్బా కొనుక్కున్న పిల్ల తన ముఖానికి తనే పూసుకుని ఫోను చూసుకుంటూ ఆరబెట్టుకుంటుంది. ఎవరికి ఎవరు పూశారన్న తగువు ఉండదు, అందరికీ దొరుకుతుంది. అది మంచికాలమే అని ఒప్పుకుంటాను. పదేళ్ల పిల్లప్పుడు పెరటి గోడకు ఆనుకుని నేను చేసింది కూడా అదే పని. దానివల్ల నాకేమీ దక్కలేదు.

నా మాట ఎత్తకముందే వర్షిణి మా ఇద్దరినీ వెనక వరండాలో కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఫోను స్టాండుకు పెట్టి, వీడియో తీసి బల్ల దగ్గరికి వచ్చేవాళ్లకు చూపిస్తానంది. అక్క ముందు చెప్పింది. అవ్వ చెయ్యి చల్లగా ఉండేదని, వేలి చివర కత్తిపీట కోసుకున్న గాటు చెంపకు గరుకుగా తగిలేదని. ఆ గాటు సంగతి నాకు తెలియనే తెలియదు. తర్వాత పిల్ల నా వైపు తిరిగింది. "చిన్నవ్వా, పెద్దవ్వ నీకి పూసేటప్పుడు ఎట్ల ఉండె? సుమ్మా ఊరికే చెప్పు, కెమెరా చూడొద్దు." అబద్ధం ఆడటం ఎంతసేపు, అక్క చెప్పిందే తిప్పి చెబితే సరిపోయేది. గాటు దగ్గర నోరు ఆగిపోయింది. "నాకి పూయలే, కణ్ణూ," అన్నాను. "మీ అవ్వకి మాత్రం దా పూసె. ఆ కడుపుమంటకి తాత పెట్టెలో కట్టి ఎత్తింది నేను. తేరు పోగొట్టుకున్నది మీ అవ్వ."

వర్షిణి అక్క ముఖం చూసింది. అక్క ఫోను ఆపమని సైగ చేసి, పిల్లను కాఫీ పెట్టమని లోపలికి పంపింది. నేను చేతిసంచి ఒళ్లోకి లాక్కున్నాను. యాభై ఏళ్లు దాటిన దొంగతనానికి ఇంత భయమా అనిపించింది. అక్క మాత్రం తోటలో రాలిన మట్టల వైపు చూస్తూ నెమ్మదిగా అంది: "తెలుసు. ఆ పొద్దు నీ చెవి వెనక తెల్లగా ఎండిపోయుండె."

"తెలిసీ ఏల చెప్పలే? నా మీద జాలిపడితివా?"

అక్క తల అడ్డంగా ఊపింది. "జాలీ లే ఏమీ లే. నువ్వని చెప్పుంటే అవ్వ ఏమనుండును? అయ్యో, బిడ్డకి ఇంత ఆశ ఉండాదా అని మరుసటి వారమే నిన్నూ ఒళ్లో పెట్టుకునుండును. అవ్వని పంచుకునేదానికి నాకి మనసు రాలే. తేరు పోతే పోనీ అనుకుంటిని." ఈసారి నా వైపు తిరిగి, "అంతా నన్ను మంచిదంటిరి. నేనూ ఊరకుంటిని. పొరామె దా, వేరే ఏమి. డబ్బాలో ఇద్దరని రాయమనింది నేనే. అప్పుడు ఇయ్యనిది ఇప్పుడైనా ఇస్తామని," అంది. పొరామె అంటే ఓర్వలేనితనం. మా ఇంట్లో ఆ గుణానికి తమిళ మాటే వాడేవాళ్లం. ఆ మాట నా ఒక్కదాని కోసమే ఉందనుకున్నాను ఇన్నేళ్లూ.

ముందు నాకు నవ్వొచ్చింది. అక్క కూడా నవ్వింది. గుండెల మీంచి బరువు దిగినట్టే అయింది. ఇంతకాలం దేవతనుకుని ఉడుక్కున్న మనిషి నాలాంటిదే, నాకన్నా నాలుగాకులు ఎక్కువ చదివింది. మొదట్లో అట్లాగే అనుకున్నాను. తిరుగు బస్సులో ఉడుమలైపేట దాటుతుండగా ఇంకో సంగతి తోచింది. అక్క పన్నెండు నెలలు ఎదురుచూసిన తేరును ఒక్క క్షణంలో వదిలేసింది, అవ్వ ఒళ్లో అరగంట కోసం. ఆ తేరునాడు కారమడై దాకా అవ్వ భుజం నా భుజానికి తగులుతూనే ఉంది. తన పుట్టింటి ఊరు దాటినప్పుడు కిటికీలోంచి చెయ్యి చాపి, అదిగో ఆడ దా మా బావి అని ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. రాట్నం ఎన్ని చుట్లు తిప్పుతారని అడిగాను. అవ్వ మాట ఆపేసింది. తర్వాత తేరు ముందు ఆవిడ అక్కను తలుచుకుని కళ్లు తుడుచుకుంటే నేను దానికి ఏడ్చాను. తాత ముందు అక్క నిలబడిన చోట నన్ను నిలబెట్టి, తేరు కావాలా అవ్వ కావాలా అంటే, నేను తేరే అనేదాన్ని. నిజంగా అదే అనేదాన్ని. అక్కకు అన్నీ ఒప్పుకుని వచ్చాను గాని, ఇది మాత్రం ఫోను చేసి చెప్పలేదు. చెప్పను.